నాలుగున్నర నిమిషాల ఊఁ

పొద్దున తొమ్మిదీ పన్నెండుకి బాపు నాకు ఫోన్ చేసి నాలుగు నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో నాకు తెలియదు. ఎంతసేపు మాట్లాడాడో ఫోన్‌లో సెకన్లతో సహా ఉంది, మాటే లేదు. ఇప్పుడు రెండూ ఇరవై, నార్కట్‌పల్లిలో బస్సు ఆగి ఆరు నిమిషాలైంది, హోటల్ ముందు నిలబడి డ్రైవర్ టీ ఊదుకుంటున్నాడు, అంత ఊదాల్సిన వేడి అందులో ఏముందో, తాగితే తాగాలి లేకపోతే పారబోయాలి. పాపం పొద్దున్నుంచి తోలుతున్న మనిషి, ఆయన మీద నాకేం కోపం ఉంటుంది, కోపమంతా నా మీదే, కానీ నన్ను నేను ఎంతసేపని తిట్టుకోను, అందుకని కాసేపు ఆయన్ని తిట్టుకుంటున్నాను. ఆ నాలుగున్నర నిమిషాల్లో నేను ఊఁ అన్నాను. ఒకసారి కాదు, ఆరో ఏడో సార్లు. అందులో ఒక ఊఁ బాపు కాలు తీసేయడానికి నేనిచ్చిన ఒప్పుకోలు కావచ్చు.

ఆదివారం నల్లగొండ దవాఖానలో డాక్టర్ ఆ సంగతి చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. కుడికాలు, చీలమండ దాకా. షుగర్ పుండు ఎముకకు పట్టిందట. బాపు డాక్టర్ వైపు చూడలేదు, నా వైపు చూశాడు, యాభై ఏళ్లు గొర్ల వెనక నడిచిన మనిషి, మా ఊళ్లో పర్వతాలు అని బాపు పేరెత్తగానే ముఖం కంటే ముందు నడకే గుర్తొస్తుంది అందరికీ. నేను వెంటనే అడ్డం తిరిగాను, ఇంజనీర్ని కదా, ఒక్కరు చెప్పింది ఎట్లా నమ్ముతాను, హైదరాబాద్‌లో ఇంకో డాక్టర్ దగ్గర శుక్రవారం పొద్దున పదింటికి టైమ్ తీసుకున్నాను, రిపోర్టులన్నీ ఫోన్‌లో పంపించాను, బాపుతో గట్టిగా చెప్పాను, అప్పటిదాకా ఎవరేం చెప్పినా కాగితం మీద సంతకం పెట్టకు, నేను ఊఁ అనేదాకా పెట్టకు అని. "నువ్వు ఊఁ అంటెనే పెడ్త తియ్ బిడ్డా" అన్నాడు. బాపు మాటంటే మాట. అందుకే ధైర్యంగా సోమవారం తెల్లారే షాద్‌నగర్ వెళ్లిపోయాను, మా కంపెనీ చేసే మోటారు బోర్డు పంపాల్సిన గడువు బుధవారం. ఇవాళ బుధవారం.

బస్సు కదిలింది. అద్దంకి రోడ్డు మీదికి తిరిగింది, ఇంకో ముప్పావు గంట. ఫోన్ చేస్తే మోగుతుంది, ముప్పై సెకన్లు మోగి ఆగిపోతుంది. అది బాపు ఫోన్, కానీ బాపు దగ్గర ఉంటే రెండో మోతకే ఎత్తుతాడు, ఎత్తలేదంటే అమ్మ దగ్గర ఉంది. అమ్మకి పాత ఫోన్‌లో పచ్చది నొక్కడం వచ్చు, ఈ కొత్తదాంట్లో పచ్చదాన్ని వేలితో పక్కకు జరపాలి, ఆమె నొక్కుతుంది, అది జరగదు, మోగినంతసేపు దాన్ని చేతిలో పెట్టుకుని చూస్తూ ఉంటుంది. పోయిన దసరాకే నేర్పించాల్సింది. నేర్పిస్తానన్నాను కూడా. దవాఖాన నంబర్‌కి చేస్తే ఒకమ్మాయి ఎత్తింది, ఓటీ వాళ్లని కనుక్కొని చెప్తం మేడం అంది, గంటన్నర అయింది. ఓటీ అంటే ఆపరేషన్ గది, ఆ మాట ఆమె నోట్లోంచి ఎందుకు వచ్చింది, నేను అడిగింది వార్డు గురించి కదా, ఊరికే అలవాటుగా వచ్చిందా, లేక పర్వతాలు అనే పేరు ఆమె ముందున్న ఇవాళ్టి లిస్టులో కనపడిందా. పదకొండు. ఆ ఒక్క అంకె గుర్తుంది నాకు, బాపు గొంతులో, పదకొండు.

ఫోన్ వచ్చినప్పుడు అది నా చెవికీ భుజానికీ మధ్య ఉంది, చేతులు కీబోర్డు మీద ఉన్నాయి, కళ్లు స్క్రీన్ మీద. మూడు వారాలుగా వెతుకుతున్న తప్పు సరిగ్గా అప్పుడే పొదలోంచి తోక కనిపించినట్టు కనిపించింది, తోక వదిలితే మళ్లీ మూడు వారాలు. మేం చేసేది బోరు మోటార్లు కాలిపోకుండా కాపాడే బోర్డు. నీళ్లు అడుగంటినా, ఒక ఫేజు పోయినా, బోర్డులో కూర్చున్న కెర్నెల్ మోటారు ఆపాలి. కెర్నెల్ అంటే అందులో అన్నిటికీ పెద్దమనిషి, నీళ్ల సెన్సర్, కరెంటు సెన్సర్, అందరూ పనిబడితే దాన్నే పిలుస్తారు, ఆ పిలుపే ఇంటరప్ట్, చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి అది పలకాలి, పలికి, విన్నాను అని తిరిగి చెప్పాలి. ఆ విన్నాను అనడాన్ని పుస్తకాల్లో అక్నాలెడ్జ్ అంటారు, నా పక్క కుర్చీ ప్రణీత మాత్రం మొదటిరోజు నుంచీ ఊఁ కొట్టడం అనే అంటుంది, కెర్నెల్ ఊఁ కొట్టకపోతే పిలిచినవాడు అరుస్తూనే ఉంటాడు, ఇంకో పని సాగదు. మా మోటార్లు పరీక్షలో మూడు కాలిపోయాయి. వేలసార్లు సరిగ్గా పనిచేసి, ఎప్పుడో ఒకసారి, నీళ్లు లేవన్న పిలుపు అసలు రానట్టే మోటారు తిరుగుతూ పోయేది.

తప్పు ఇంతే. ఎవరు పిలిచారో ఒక చిన్న గడిలో గుర్తు పడుతుంది, మా కోడ్ ఆ గడి చదివి, తర్వాత విన్నానంటూ గడి మొత్తాన్ని ఒక్క తుడుపుతో తుడిచేసేది. చదవడానికీ తుడవడానికీ మధ్య సెకనులో ఎన్నో వంతు, ఆ సందులో ఇంకొకరు పిలిస్తే ఆ గుర్తు కూడా తుడుచుకుపోయేది. విననిదానికి కూడా ఊఁ కొట్టేసేది. ఊఁ అందింది కాబట్టి పిలిచినవాడు మళ్లీ పిలవడు, నిశ్చింతగా ఉంటాడు, మోటారు కాలిపోతూ ఉంటుంది. చదివిన గుర్తులే తుడవాలి, మిగతావి ముట్టుకోవద్దు, మార్చాల్సింది ఒక్క వరస. ఆ వరస మారుస్తూ, బాపు మాట్లాడుతుంటే, ఊఁ, ఊఁ, ఊఁ. ఇది తలుచుకుంటే నవ్వొస్తుంది, బస్సులో ఒంటరిగా నవ్వితే పక్కనామె జరిగి కూర్చుంది.

పదకొండున్నరకి పరీక్ష పాసైంది, రెండువేల సార్లు నడిపినా ఒక్క పిలుపు పోలేదు, ప్రణీత చప్పట్లు కొట్టి, పొద్దున ఫోన్ ఎవరిది అని అడిగింది. మా బాపుది అన్నాను. ఏమంటున్నరు, కాలు ఎట్లుందంట అని అడిగింది. చెప్పడానికి నోరు తెరిచాను. ఏమీ లేదు. అక్కడ ఏదో ఉండాలి కదా, నాలుగున్నర నిమిషాలు మనిషి మాట్లాడితే తలలో ఎక్కడో ఒక మూల పడి ఉండాలి కదా, గొంతు ఉంది, ఆగి ఆగి వచ్చే ఆ గొంతు, మధ్యలో గ్లాసు కిందపడిన చప్పుడు ఉంది, రాత్రంత అన్న మాట ఉంది, పక్క మంచం, పదకొండు, చివర్లో "మరేమంటవ్ బిడ్డా" ఉంది. దానికి నేను ఊఁ అన్నాను. ఆ ఊఁ నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే సరిగ్గా అప్పుడే కోడ్ సేవ్ చేశాను, ఆ ఊఁలో కొంచెం సంతోషం కూడా ఉండి ఉంటుంది. బాపు పొద్దున ఎప్పుడూ చేయడు. సాయంత్రం ఏడింటికి చేస్తాడు, తిన్నవా అంటాడు, పెట్టేస్తాడు. ఆ సంగతైనా నా బుర్రకి తట్టాల్సింది.

ఊఁ కొట్టడం వేరు, ఊఁ అనడం వేరు. చిన్నపిల్లలకి కూడా తెలుసు. కథ చెబుతుంటే కొట్టేది వింటున్నాను, చెప్పు అని. పెళ్లిచూపుల్లో పిల్ల ఊఁ అందా అంటే అది వేరే ఊఁ, దాని మీద పందిళ్లు లేస్తాయి. రెండింటికీ ఒకటే చప్పుడు పెట్టినవాళ్లని ఏమనాలి. నేను కొట్టాను, బాపు అన్నాననుకున్నాడు. లేదా అనుకోలేదేమో, బాపు తెలివిగలవాడు, ఇంకోసారి అడిగి ఉంటాడు, నిజంగ ఊఁ అంటున్నవా అని, అడిగి ఉంటాడు, దానికి కూడా నేను ఊఁ అని ఉంటాను. ఎల్బీనగర్‌లో బస్సెక్కగానే కండక్టర్ ఆధార్ చూసి, ఏడికమ్మా అన్నాడు, ఊఁ అన్నాను. "ఊఁ ఏంది, ఏడికి అని అడుగుతున్న" అన్నాడు, వెనక సీట్లో వాళ్లు నవ్వారు, ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్ కొట్టి చేతిలో పెట్టాడు, అదింకా పిడికిట్లోనే నలిగిపోతోంది.

ఈ ఊఁ నాకు నేర్పింది బాపే. వేసవి సెలవుల్లో గుట్ట మీదికి గొర్ల వెంట నన్ను తీసుకుపోయేవాడు, ముందు గొర్లు, తర్వాత బాపు, వెనక నేను. నడుస్తూ చెప్పేవాడు, రాజుల కథలు కాదు, గొర్ల వంశావళి, గా నల్లచెవుల దాని అవ్వ మొన్నటి కరువుల ఒక్కతే బతికింది, దాని బిడ్డ గిది, దీనికి మొండితనం అక్కడినుంచే వచ్చింది. వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. నా ఊఁ వినపడితే నేను ఉన్నట్టు, తప్పిపోలేదన్నట్టు. ఒకసారి ఈత పండ్ల కోసం ఆగిపోయాను, ఊఁ మరిచిపోయాను, తలెత్తేసరికి చుట్టూ రాళ్లు తప్ప ఎవరూ లేరు, ఏడుపు మొదలుపెట్టేలోపే ఆ రాళ్ల మీంచి దిగి వస్తూ కనిపించాడు. తిట్టలేదు. ఊఁ ఆగిపోయింది గద, గందుకొచ్చిన అన్నాడు. ఆరోజు నుంచి నాకు ఊఁ ఆపితే భయం, అందుకే ఏ మాట వినపడ్డా దానంతటదే వచ్చేస్తుంది. ఆఫీసులో పెద్దసారుకీ ఊఁ, అమ్మకీ ఊఁ. ఆ మధ్య ఇంటాయన ఇల్లు ఖాళీ చేయమంటే దానికీ ఊఁ అన్నాను, నెల తర్వాత సామాన్లు ఎందుకు సర్దలేదని ఆయన వచ్చి అడిగితే తెల్లమొహం వేశాను.

ఆ రాళ్ల మీంచి దిగి వచ్చిన కాళ్లు. కుడికాలు ముందు పెట్టి, ఎడమది ఆనించి, తొందర లేకుండా. మందలో ఏ గొర్రె డెక్కలో ముల్లు దిగిందో అంత దూరం నుంచి నడక చూసి చెప్పేవాడు, తన కాలిలో తుమ్మముల్లు దిగి నాలుగు రోజులైనా తనకి తెలియలేదు. షుగర్‌కి నరాలు చచ్చుబడితే కాలు పిలవదట, డాక్టర్ చెప్పాడు, నొప్పి ఉంటే బతికిపోయేవాడు అన్నాడు, నొప్పి లేకపోవడమే జబ్బు. అమ్మే చూసింది, చెప్పు లోపల తడి చూసి. అప్పుడు కూడా బాపు నాకు ఫోన్ చేశాడు కదా, ఏడింటికి, ముల్లు గుచ్చుకుందని చెప్పాడు కదా. నేను ఏమన్నాను. ఏమన్నానో నాకు తెలుసు, ఇప్పుడు దాని గురించి ఆలోచించను, ఒక్కరోజుకి ఒక్కటి చాలు.

పానగల్ చెరువు వచ్చింది, నీళ్ల మీద ఎండ కళ్లలో కొడుతోంది. పదకొండు దాటి నాలుగు గంటలు. సంతకం పెట్టి ఉండకపోతే అమ్మ పక్కన మంచం మీద కూర్చుని ఉంటాడు, నేను వెళ్లగానే తిన్నవా అంటాడు, శుక్రవారం అంబులెన్స్‌లో తీసుకుపోతాను. పెట్టి ఉంటే. పెట్టి ఉంటే ఆ డాక్టర్ దగ్గరికి పోయి ఏం చెప్పను, అయ్యా నేను ఒప్పుకోలేదు, ఊఁ కొట్టాను అంతే, అతికించండి అనా. బస్సు నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఆగకముందే దిగాను, డ్రైవర్ ఏదో అరిచాడు, ఆటో ఎక్కాను, ఆటో ఆయన ఏ దవాఖాన అని అడిగాడు, ఈసారి పేరు చెప్పాను, రెండుసార్లు చెప్పాను.

మొదటి అంతస్తులో వరండా చివర, ఓటీ ముందరి బల్ల మీద అమ్మ కూర్చుని ఉంది. ఆమె ఎక్కడ కూర్చుందో చూడగానే నాకు అర్థమైంది, అయినా నడిచాను, దగ్గరికి పోయేదాకా అర్థం కానట్టే నడిచాను. ఫోన్ రెండు చేతుల్లో పట్టుకుని ఉంది. "పొద్దుగాల్నుంచి మోగుతనే ఉంది శోభా, నాకు ఎత్తరాలే" అంది. తర్వాత, "అయిపోయింది. రూముల పండబెట్టిన్రు. మంచిగనే ఉన్నడు, మాట్లాడుతుండు" అంది. ఆమె పక్కన కూర్చున్నాను. బాపు సంతకం ఎప్పుడు పెట్టిండమ్మా అని అడిగాను. "నీతోటి మాట్లాడి ఫోన్ పెట్టంగనే. సిస్టరమ్మను తనే పిలిచిండు. నా బిడ్డ ఊఁ అన్నది, కాగితం తే అన్నడు." అమ్మ నా చేయి మీద చేయి వేసింది. "ఎట్లయితెనేం, మంచి పని చేసినవు. నేను చెప్తె మీ బాపు ఇనకపోతుండె" అంది. అమ్మా నేను వినలేదు అని చెప్పాలి, అప్పుడే, అక్కడే చెప్పాలి, చెప్పకుండా తల ఊపాను.

బాపు కళ్లు తెరిచే ఉన్నాయి. నడుము కింద మొద్దుబారేలా సూది ఇచ్చారట, పైభాగం ఎప్పటిలాగే ఉంది, గడ్డం, మెడలో తావీదు, చేతికి సెలైన్. ఆకుపచ్చ దుప్పటి కింద ఎడమ పాదం లేచి ఉంది, కుడివైపు దుప్పటి చదునుగా ఉంది. నేను అటు చూడలేదు, కానీ ఎటు చూసినా అదే కనిపించింది. "వచ్చినవా" అన్నాడు, "తిన్నవా" అన్నాడు. మంచం అంచు పట్టుకున్నాను. ఇంకొక్క నిమిషం ఆగితే ఇక జన్మలో చెప్పలేనని తెలిసింది.

"బాపు, పొద్దుగాల నువ్వు చెప్పింది నేను విన్లే. పనిల ఉన్న. ఊరికెనే ఊఁ కొట్టిన."

బాపు పైన తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూస్తూ ఉన్నాడు. అమ్మ దుప్పటి సర్దుతోంది, ఆమె చేతులు ఆగిపోయాయి.

"నాకెరుకనే" అన్నాడు.

నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను.

"నువ్వు ఇనేటప్పుడు గట్ల ఊకుంటవా. మాట మాటకు అడ్డమొస్తవు. ఎందుకు, ఎట్ల, ఎవలన్నరు అని పాణం తీస్తవు. ఇయ్యాల ఒక్కపారన్న అడ్డం రాలే."

"ఎరుకైనంక మరి సంతకం ఎందుకు పెట్టినవ్ బాపు?"

సెలైన్ చేతిని కొంచెం జరిపి నా వేళ్లు దొరకబుచ్చుకున్నాడు, వేడిగా ఉంది చేయి, ఇంకా జ్వరం ఉన్నట్టుంది.

"రాత్రంత సలిజరం బిడ్డా. కాలు వాసనొస్తాంది, పక్క మంచపాయన ఓర్వలేక లేచిపోయి వరండల పండుకున్నడు. కొయ్యున్రి అని నా నోటితోటి నేను అనలేకపోయిన. మీ అమ్మతోటి అనిపియ్యలేను. నువ్వు ఇంటే వద్దంటవు. ఎవలో ఒకలు ఊఁ అనాలె గద. గందుకే నువ్వు పనిల ఉండే యాళ్ల చూసి చేసిన."